పిల్లలకి జపాన్ చరిత్రలో ఏది ముందు, ఏది తర్వాత అని ఎలా నేర్పాలి?

మా పాపకి 8, బాబుకి 6. ఆరు వారాలుగా శని, ఆదివారాల్లో 40 నిమిషాలు ఇంట్లోనే జపాన్ గురించి చెప్తున్నాను. ఆచారాల వరకు బాగానే సాగింది. మార్చి 3న బొమ్మల పండగ చేశాం, కాగితం కొంగలు మడిచాం, ఓనిగిరి (జపాన్ వాళ్ల అన్నం ముద్దలు) కూడా చేశాం (సోనా మసూరి అన్నం ముద్ద కట్టదు, కాస్త మెత్తగా వండాల్సి వచ్చింది).

చిక్కల్లా చరిత్రతోనే. 1603లో తొకుగావా ఇయెయాసు షోగున్ (దేశాన్ని ఏలే సైన్యాధిపతి) అయ్యాడు, 1868లో ఆ పాలన పోయింది, 1876లో యోధులైన సమురాయ్‌లు కత్తి పెట్టుకుని తిరగడం నిషేధించారు, 1964లో బుల్లెట్ ట్రైన్ వచ్చింది అని చెప్పాక, పాప "సమురాయ్‌లు ట్రైన్‌లో కత్తి ఎక్కడ పెట్టుకునేవాళ్లు?" అని అడిగింది!

హాలు గోడకి ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున 3 మీటర్ల 61 సెంటీమీటర్ల కాగితం అంటించి బొమ్మలు గీయించాను. గీసినంతసేపూ సరదాగా గీశారు, వారం తిరిగేసరికి మళ్లీ అన్నీ కలిపేశారు. చార్మినార్ 1591లో కట్టారు, అది అయిన 12 ఏళ్లకి ఇయెయాసు షోగున్ అయ్యాడని ముడిపెట్టి చూశాను, చార్మినార్ గుర్తుంది, ఆయన లేడు. వీడియోలు పెడితే కత్తియుద్ధాలు తప్ప ఇంకేం చూడరు.

ఈ వయసు పిల్లలకి వందల ఏళ్ల ఎడం బుర్రకెక్కేలా మీరు ఇంట్లో ఏం చేయించారు?