కంప్యూటర్ స్పీడు పదింతలైతే చెస్ ఇంజిన్ బలం కూడా పదింతలవుద్దా?

భీమవరం_బంటు:
మా కోచింగ్ సెంటర్లో పిల్లల గేములు చూడ్డానికి రెండు మెషీన్లున్నాయండి. పాత ఐ3 ల్యాప్‌టాప్‌లో (4 జీబీ ర్యామ్) స్టాక్‌ఫిష్ (చెస్ ఆడే ప్రోగ్రామ్, అంటే ఇంజిన్) సెకనుకి 10 లక్షల నోడ్లు (అది పరిశీలించే పొజిషన్లు) చూపిస్తోంది, 8 కోర్ల కొత్త డెస్క్‌టాప్‌లో కోటి. అంటే పదింతలు బలమైనట్టేనా? పైగా ల్యాప్‌టాప్ పావుగంట తిరిగేసరికి ఆ పది లక్షలు కాస్తా ఐదుకి పడిపోతున్నాయి.

అమలాపురం_గుర్రం:
అలా లెక్కెయ్యకూడదండి. స్పీడు రెట్టింపైన ప్రతిసారీ కొంత ఈలో (ఆట బలాన్ని కొలిచే రేటింగ్ పాయింట్లు) కలుస్తుంది. బ్లిట్జ్‌లో (కొద్ది నిమిషాల గేముల్లో) అది సుమారు 50-70. ఆలోచించే టైమ్ పెరిగేకొద్దీ డ్రాలు ఎక్కువై, ఆ లాభం తగ్గిపోతుంది. పదింతలంటే మూడు రెట్టింపుల పైచిలుకు, అంతే. 70 ఈలో తేడా ఉంటే వంద గేముల్లో బలమైనదానికి 60 పాయింట్లొస్తాయి.

ఇదంతా ఎత్తుల చెట్టు మహిమ. ఒక పొజిషన్లో సగటున 35 ఎత్తులుంటాయి. ఆల్ఫా-బీటా అనే వెతికే పద్ధతి, దానిపైన ఇప్పటి ప్రూనింగ్ (కత్తిరింపు) చిట్కాలు పనికిరాని కొమ్మలన్నీ నరికేస్తాయి కాబట్టి, ఇంకో ప్లై (ఒక పక్షం వేసే ఒక ఎత్తు) లోతుకెళ్ళడానికి రెట్టింపు పని కూడా పట్టదు. మీ డెస్క్‌టాప్ అదే టైమ్‌లో ఓ నాలుగు ప్లైలు ఎక్కువ చూస్తుందనుకోండి.

ఒక మెలిక ఉంది. 8 థ్రెడ్లు (ఇంజిన్ ఒకేసారి నడిపే పని పాయలు) కలిసి చూపే కోటి, ఒక్క థ్రెడ్ చూపే కోటితో సమానం కాదు. థ్రెడ్లు ఒకరు చూసిందే ఇంకొకరు చూస్తుంటాయి.

గోదారిగట్టు:
ల్యాప్‌టాప్‌ది వేడి రోగమండి. మే నెలలో మన గదుల్లో ప్రాసెసర్ కాగిపోయి, తనంతట తానే స్పీడు తగ్గించేసుకుంటుంది. ముందు ఫ్యాన్ జాలీలో దుమ్ము తీయించండి. వెనక వైపు రెండంగుళాలు ఎత్తు పెట్టండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో గరిష్ఠ ప్రాసెసర్ శాతం 99కి దించితే చాలా ల్యాప్‌టాపుల్లో టర్బో (ప్రాసెసర్ కాసేపు తీసే అదనపు స్పీడు) ఆగిపోతుంది. మొదట్లో అంకె కాస్త తక్కువున్నా గంటసేపు నిలకడగా ఉంటుంది. కరెంటు పోయి బ్యాటరీ మీదికెళ్ళినా స్పీడు పడుతుంది, అది గమనించుకోండి.

హ్యాష్ (చూసిన పొజిషన్లు గుర్తుంచుకోడానికి ఇంజిన్ వాడే ర్యామ్) 512 ఎంబీ దాటించొద్దు. 4 జీబీలో 2 జీబీ దానికిచ్చేస్తే మిగతాది డిస్క్ మీదికెక్కి మొత్తం నత్తనడకే. థ్రెడ్లు అసలు కోర్లకి సమానంగా పెట్టండి. నాలుగో తరం ఇంటెల్ లేదా ఆపైదైతే ఏవీఎక్స్2 బిల్డ్ (అలాంటి ప్రాసెసర్ల కోసం తయారుచేసిన స్టాక్‌ఫిష్ ఫైలు) దించుకోండి, పాత బిల్డ్ కంటే బాగా వేగం. ఇంజిన్ విండోలో బెంచ్ (bench) అని కొడితే చివర్లో సెకనుకెన్ని నోడ్లో చెప్తుంది. రెండు బిల్డులూ అలా పోల్చి చూడండి.

భీమవరం_బంటు:
థాంక్సండి. మరి వేరే ఇంజిన్‌ది 50 వేలే చూపిస్తోంది, అది బలహీనమా?

అమలాపురం_గుర్రం:
కానే కాదండి. ఒక ఇంజిన్ నోడ్లని ఇంకోదాంతో పోల్చకూడదు. 2017లో డీప్‌మైండ్ కంపెనీ ఇంజిన్ ఆల్ఫాజీరో సెకనుకి 80 వేలు చూసి, 7 కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌ని 100 గేముల్లో 28 గెలిచి, ఒక్కటీ ఓడలేదు. 2020లో స్టాక్‌ఫిష్ 12లో న్యూరల్ నెట్ (పొజిషన్లను చూసి నేర్చుకుని అంచనా వేసే భాగం) చేరాక నోడ్లు బాగా పడిపోయినా బలం పెరిగింది. 1997లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ 20 కోట్ల దాకా చూసేది. మీ పాత ఐ3 మీద ఇప్పటి స్టాక్‌ఫిష్ దాన్ని చిత్తు చేస్తుంది.

పిల్లల గేములకి ఐ3 చాలు. కాకపోతే మూడు లైన్లు (మంచి ఎత్తుల వరసలు) చూపించమంటే లోతు తగ్గుతుంది, ఒక్క లైనుతో మొదలెట్టండి. ఎండ్‌గేములకి 5 పావుల సిజిజీ టేబుల్‌బేస్ (బోర్డు మీద ఐదు పావుల దాకా మిగిలిన పొజిషన్లకి ముందే లెక్కగట్టిన ఫలితాల ఫైళ్ళు) పెట్టుకోండి, సుమారు 1 జీబీ, ఎస్‌ఎస్‌డీ మీదే ఉంచండి.