“వెళ్ళిపోయాడు”లో ఆ “డు” ఉందా?

యతిప్రాస: అమెరికా నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆరు పాదాల కవిత, “ఎఫ్. ఎస్.కు” అని అంకితం ఉన్నది. దాని తెలుగు సేత ఒకటి నాలుక మీద ఆడుతోంది కానీ రెండో పాదం దగ్గర చిక్కుకుంది. “నా నేస్తాన్ని ప్రేమించాను. నన్ను విడిచి వెళ్ళిపోయా...” ఇక్కడ “వెళ్ళిపోయాడు”నా, “వెళ్ళిపోయింది”నా?

పెద్దబాలశిక్ష: “నేస్తం” అన్నాక “వెళ్ళిపోయింది” అనే ఉంటుంది. “ము”తో ముగిసే మాట, అమహత్తు, అంటే మగవాణ్ణి చెప్పే మాటల్లో చేరనిది. “నేస్తం వెళ్ళిపోయాడు” అంటే చిన్నయసూరి బెత్తం తీస్తాడు.

కొసరుమాట: బెత్తం సరే, కవిత ఏమైపోవాలి? మూలం మొత్తంలో ఆ నేస్తం మగవాడని చెప్పే మాట ఒక్కటే, రెండో పాదం మొదట్లో ఉన్న “హి”. “ఫ్రెండ్” ఎటైనా పలుకుతుంది. మీ “ది” పెట్టగానే ఆ మగవాడు మాయం, ఎందుకంటే “ది” స్త్రీకీ వస్తువుకీ ఒకటే. చదివేవాళ్ళు అమ్మాయనుకుంటారు. “వెళ్ళిపోయారు” అని మర్యాదలోకి తప్పుకున్నా ఆ తేడా కరిగిపోతుంది. వ్యవహారంలో “మా ఫ్రెండ్ వచ్చాడు” అనడం లేదూ? అర్థాన్ని బట్టే క్రియ.

పదాలపిచ్చి: “డు” పెట్టినా సగం పనే అయింది, కొసరుమాటగారూ. “ప్రేమించాను” అన్నది ఆడో మగో తెలుగు క్రియ చెప్పదు. క్షేత్రయ్య పదాలు విన్న చెవికి “నేను వలచాను, వాడు పోయాడు” అనగానే నాయిక గొంతే వినిపిస్తుంది. పదిహేడో శతాబ్దపు మగకవి మువ్వగోపాలుడి మీద వలపును ఆడగొంతులో, సఖితో మొరగా చెప్పుకున్నాడు. హ్యూస్‌కు సఖీ లేదు, నాయికా లేదు. మన “డు” వెళ్ళినవాణ్ణి మగవాణ్ణి చేస్తుంది, మిగిలినవాణ్ణి ఆడదాన్ని చేస్తుంది.

దోస్తుగాడు: గందుకే మా మాట పెట్టుర్రి. “నా దోస్తుగాన్ని ప్రేమించిన. నన్నిడిసి పోయిండు.” దోస్తుగాడు అంటే మగోడే. ఆ మాట అనేటోడు గూడ మగోడే అయితడు జరంత.

పెద్దబాలశిక్ష: “గాడు”లో చులకన ఉంది. మెత్తగా మొదలై మెత్తగానే ముగుస్తానని తనే చెప్పుకునే కవిత అది.

దోస్తుగాడు: చులకన మీ దిక్కు. మా దిక్కు ముద్దు.

మార్జిన్ రాతలు: వ్యాకరణం పక్కన పెడదాం, అంత పొదుపు ఎందుకో చూడండి. ఈ కవిత ఉన్న హ్యూస్ సంపుటి “ద వియరీ బ్లూస్” వచ్చింది 1926లో. అదే ఏడు “ద నేషన్” పత్రికలో రాసిన వ్యాసంలో హ్యూస్, మా నల్లటి రూపాలను భయమూ సిగ్గూ లేకుండా చెప్పుకుంటాం అని ప్రకటించాడు. కవిగా ఉంటాను గానీ నీగ్రో కవిగా కాదు అన్న యువకవిని అందులోనే దులిపేశాడు (అది తోటి నల్లజాతి కవి కౌంటీ కలెన్ అనే అందరి లెక్క). రంగు దగ్గర అంత గొంతు, ప్రేమ దగ్గర ఒక్క “హి”. అందుకే 1932లో పిల్లల కోసం కూర్చిన “ద డ్రీమ్ కీపర్”లో కూడా ఇది స్నేహకవితగా ఇమిడిపోయింది. నా ఓటు “నేస్తం” ఉంచి “డు” పెట్టడానికే. స్నేహమనుకునేవాళ్ళు అలాగే చదువుకుంటారు, తెలిసినవాళ్ళకు తెలుస్తుంది.

కొసరుమాట: ఆ పొదుపు కాలానిది అనకండి. అదే 1926 నవంబరులో నల్లజాతి యువరచయితల “ఫైర్!!” పత్రికలో, వాళ్ళలో ఒకడైన రిచర్డ్ బ్రూస్ న్యూజెంట్ కథ వచ్చింది. అలెక్స్ అనేవాడు “బ్యూటీ” అని పిలుచుకునే మగవాణ్ణీ, మెల్వా అనే స్త్రీనీ ప్రేమిస్తాడు. ఒకేసారి ఇద్దరినీ ప్రేమించవచ్చని తనకు తాను ఒప్పుకుంటాడు కూడా. కథంతా చుక్కలే, ఆలోచన ఆగి ఆగి నడుస్తుంది. ఇంత తెగించినవాడూ ఇంటిపేరు వదిలేసి “రిచర్డ్ బ్రూస్” అని సంతకం పెట్టాడు. పత్రిక పెట్టినవాళ్ళలో హ్యూస్ ఒకడు. ఒక్క సంచికతోనే ఆగింది, అమ్ముడుపోని ప్రతులు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.

పదాలపిచ్చి: నా గొడవ “విడిచి” మీద. మూలంలో నింద లేదు, “నా నుంచి దూరంగా వెళ్ళాడు” అన్నంతే. ఎఫ్. ఎస్. అంటే జమైకాలో పుట్టిన నావికుడు ఫెర్డినాండ్ స్మిత్ అని ఒక ఊహ ఉంది. అదే నిజమైతే ఓడెక్కి పోయినవాణ్ణి “విడిచి” అనడం అన్యాయం.

మార్జిన్ రాతలు: ఊహ మీద ఓడలు నడపకండి. “డు” ఎక్కడ తప్పించకూడదో చెప్పే వాక్యం వేరే ఉంది. 1986లో నల్లజాతి స్వలింగప్రేమికుల రచనల సంకలనం “ఇన్ ద లైఫ్”లో దాని సంపాదకుడు జోసెఫ్ బీమ్ రాసినది: నల్లజాతి మగవాళ్ళు నల్లజాతి మగవాళ్ళను ప్రేమించడమే ఎనభైల నాటి విప్లవకార్యం. దర్శకుడు మార్లన్ రిగ్స్ 1989 సినిమా “టంగ్స్ అన్‌టైడ్”లోనూ ఆ మాట ఉంది. దీన్ని తెలుగు చేసేవాళ్ళు “ఒకరినొకరు ప్రేమించుకోవడం” అని కుదించేస్తారు, పాఠం చక్కగా సాగుతుంది, బీమ్ పోతాడు. జాతి రెండుసార్లు, మగతనం రెండుసార్లు పలకాలి. హ్యూస్ ఒక్క మాటతో సరిపెట్టిన చోట బీమ్ ఏదీ వదల్లేదు.

పెద్దబాలశిక్ష: అయితే “పురుషులు” అనండి. “మగవాళ్ళు” రెండుసార్లు వస్తే వాక్యం కుంటుతుంది.

దోస్తుగాడు: పురుషులంటే జనాభా లెక్కల ఫారం లెక్క ఉంటది సార్. “నల్లజాతి మగోళ్ళు” అనుర్రి.

పెద్దబాలశిక్ష: మోటు.

కొసరుమాట: ఆ వాక్యానికి నాజూకు ఎందుకండీ? నాకు అనుమానం “ప్రేమించడం” మీద. “వలచడం” అంటే ఒంటి సంగతి కూడా వస్తుంది కదా?

పదాలపిచ్చి: వస్తుంది, కానీ “వలచడం” అనగానే మళ్ళీ నాయిక వచ్చి కూర్చుంటుంది. చెప్పాను కదా.