సినిమాలో బొంత కనబడితే పేదరికమేనా?

పాతచీర:
నిన్న రాత్రి ఇంట్లో ఒక తెలుగు సినిమా చూస్తున్నాం. ఊళ్లో చిన్న ఇల్లు, నులక మంచం, మంచం మీద బొంత, బొంత కప్పుకుని దగ్గుతున్న తండ్రి. ఇంకా ఎవరూ నోరు తెరవలేదు. మా అమ్మాయి అప్పుడే "పాపం, చాలా పేదవాళ్లు కదమ్మా" అంది. బొంతను చూసే అంది.

నా కళ్లకు కనబడింది వేరు. అది కొత్త గుడ్డ ముక్కలు కొని మిషన్ మీద కుట్టిన బొంత. ఉతికి ఉతికి మెత్తబడిన చీరకు వచ్చే వెలిసిన రంగు ఒక్క ముక్కలోనూ లేదు. చేత్తో టాకాలు వేస్తే గుడ్డంతా సన్నగా ముడతలు పడుతుంది, అదీ లేదు. ఆ బొంతను ఏ ఇంట్లోనూ ఎవరూ కప్పుకుని ఉండరు.

నాకిది ఇరవై ఏళ్ల అలవాటు. తెరమీద మంచం వస్తే కథ వదిలేసి పక్కబట్టలు చూస్తాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పిట్టగోడల మీద ఆరేసిన బొంతలు లెక్కపెడతాను. ఇన్నేళ్లలో మన సినిమాల్లో, సీరియళ్లలో నేను గమనించింది ఒకటే: డబ్బున్న ఇంట్లో రజాయి, లేని ఇంట్లో బొంత. ఇది తప్పని నేనంటాను. మా అమ్మమ్మ వాళ్లకు మాగాణి ఉండేది, పాడి ఉండేది, అటక మీద పదికి తక్కువ కాకుండా బొంతలూ ఉండేవి. కూతురు పురిటికొస్తే పసిబిడ్డకు మెత్తని చీరలతో బొంత కుట్టకుండా ఉండేవాళ్లు కాదు. మీరేమంటారు?

సెట్‌పని:
అక్కా, నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి మా వైపు మాట చెప్తాను. షాట్ మూడు సెకన్లు ఉంటుంది. అది ఎవరిల్లో ఆ మూడు సెకన్లలోనే చూసేవాళ్లకు తెలియాలి. అందుకే సత్తు గిన్నె, కిరోసిన్ దీపం, బొంత పెడతాం. ఆ అర్థాన్ని మేం పుట్టించలేదు. నాలుగు పార్టీలు కలిస్తే పేపర్లో "అతుకుల బొంత" అని రాస్తారు. గుంతలు పూడ్చిన రోడ్డుకూ అదే మాట. భాషలోనే బొంత అంటే చులకన ఉన్నప్పుడు సినిమాను ఒక్కదాన్నే అంటే ఎలా?

మిషన్ కుట్టు సంగతి ఒప్పుకుంటాను. కానీ కారణం ఉంది. పాత బొంత అడిగితే ఇళ్లల్లో ఇవ్వరు. ఇచ్చినా మాకు ఒకేలాంటివి రెండు కావాలి. వాన సీన్‌లో ఒకటి తడిస్తే మళ్లీ టేక్‌కు ఇంకొకటి ఆరినది ఉండాలి. చేత్తో కుట్టిన బొంతకు జత ఎక్కడ దొరుకుతుంది?

సీమ టీచరు:
మా అమ్మ బొంతలు కుట్టింది రజాయి కొనే స్తోమత లేకే. పైన తన చీర, లోపల మా నాన్న చిరిగిన పంచెలు, మా చెల్లెలి పొట్టిబడిన గౌన్లు. వానాకాలంలో తడిస్తే రెండు రోజులు ఆరేది కాదు. ఆ ముక్కిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అమ్మ వేళ్లకు దబ్బనం గుచ్చుకున్నది మాకు చలి వేయకూడదని. దాన్ని ఎవరైనా "కళ" అంటే నాకు కోపం వస్తుంది.

సినిమాలో పేద ఇంట్లో బొంత చూపిస్తే అది మా ఇల్లే. పేదరికాన్ని చూపించవద్దనడం కూడా ఒక రకంగా మమ్మల్ని దాచెయ్యడమే.

పాతచీర:
టీచరు గారూ, దాచమని నేననను. మీ మాట నా మనసుకు తాకింది. ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీ అమ్మగారు చేతికి అందిన ముక్కను అందినట్టు వేసేవారా? ఏ రంగు ఎక్కడ పడాలో చూసుకునేవారా?

ఎందుకడుగుతున్నానంటే, కొన్నేళ్ల కింద కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా ఎల్లాపుర వైపు వెళ్లాం. అక్కడి అడవి పల్లెల్లో సిద్దీలు ఉంటారు. వందల ఏళ్ల కింద ఆఫ్రికా నుంచి తీసుకొచ్చినవాళ్ల సంతతి. ఆ ఆడవాళ్లు పాతబట్టలతో కుట్టే బొంతను కవంది అంటారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వస్తారు. చివర్లో నాలుగు మూలలా మడత పెట్టిన ముక్కోణపు ముక్కలు కుడతారు, వాటిని ఫూల్, అంటే పువ్వు, అంటారు. అవి లేకపోతే ఆ బొంత ఒంటిమీద బట్టల్లేనట్టే అని వాళ్ల మాట. చలికి ఆ మూల ముక్కలతో పనేమీ లేదు. అయినా అవి కుట్టనిదే సూది పక్కన పెట్టరు. అక్కడా డబ్బు లేదు. లేమి ఉన్నంత మాత్రాన చూపు లేకుండా పోదు అని నాకు ఆ వరండాలో కూర్చున్నప్పుడు అర్థమైంది. సినిమా మొదటిదాన్ని చూపిస్తుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. నా బాధ అదొక్కటే.

ఒహాయో అమ్మ:
నేను అమెరికాలో ఉంటాను, ఇక్కడి సంగతి చెప్తాను. ఇక్కడ సినిమాల్లో బొంతను పాతకాలం చూపించడానికి వాడతారు. అందులోనూ తప్పులుంటాయి. ఉంగరాలు ఒకదానిలో ఒకటి దూరినట్టుండే డబుల్ వెడ్డింగ్ రింగ్ నమూనా 1920ల చివర్లో పత్రికల్లో అచ్చయి, 1930ల్లో ఇంటింటికీ పాకింది. అది 1860ల నాటి కథలో మంచం మీద కనబడితే కుట్టేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. మా రాష్ట్రంలో ఊళ్ల మీదుగా కారులో వెళ్తుంటే పశువుల కొట్టాల గోడల మీద పెద్ద చెక్కపలకలపై రంగులతో వేసిన బొంత నమూనాలు కనిపిస్తాయి. 2001లో ఇక్కడి ఆడమ్స్ కౌంటీలోనే అవి మొదలయ్యాయి.

సీమ టీచరు గారు చెప్పినదానికి దగ్గరగా ఉండేది అలబామాలోని జీస్ బెండ్ కథ. నది వంపులో ఇరుక్కున్న ఊరు. బానిసల సంతతి. చినిగిన పనిబట్టలతో, జీన్స్ ప్యాంట్ల మోకాలి ముక్కలతో కుట్టుకున్నారు. నిజంగా చలికోసమే. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్‌లో, తర్వాత న్యూయార్క్‌లో మ్యూజియం గోడల మీద పెట్టారు. 2006లో పోస్టల్ స్టాంపుల మీద కూడా వేశారు. అంతటితో న్యాయం జరిగిందా అంటే, 2007లో ఆ కుట్టిన ఆడవాళ్లలో కొందరు తమకు రావాల్సింది రాలేదని కోర్టుకు వెళ్లారు. కాబట్టి "కళ" అనగానే నేనూ ముందు ఒకటి అడుగుతాను: కుట్టినావిడ పేరేమిటి, ఆమెకేం ముట్టింది?

జార్జియాలో బానిసగా పుట్టిన హ్యారియెట్ పవర్స్ అనే ఆవిడ బైబిల్ కథలతో ఒక బొంత కుట్టింది. ఇబ్బందుల్లో పడి 1890 ప్రాంతంలో దాన్ని అయిదు డాలర్లకు అమ్ముకుంది. అమ్మేటప్పుడు ఒక్కో గడిలో ఏముందో విప్పి చెప్పింది, కొన్నావిడ రాసుకుంది. తర్వాత కూడా తన బొంతను చూసుకోవడానికి వెళ్లేదట. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ రాత లేకపోతే మనకు మిగిలేది గుడ్డే.

బందరు:
ఒక చిన్న మాట. మన గుడ్డ దొరల పడకల మీద ఉండేది. 17, 18 శతాబ్దాల్లో బందరు చుట్టుపక్కల, కోరమండల్ తీరమంతా అద్దకం చేసిన పలంపోర్ పరుపుగుడ్డలు ఓడల్లో యూరప్ వెళ్లేవి. వాటికి పొర వేసి కుట్టించుకునేవాళ్లు. మిగిలిన ముక్కల్లోంచి పూలు, పక్షులు కత్తిరించి మామూలు తెల్లగుడ్డ మీద అతికించి కుట్టేవాళ్లు. ఎంత పాకిందంటే, అక్కడి నేతగాళ్ల గొడవతో 1721లో ఇంగ్లండులో అద్దకం నూలుగుడ్డను ఒంటిమీదా ఇంట్లోనూ వాడకూడదని చట్టం చేశారు. లండన్, న్యూయార్క్ మ్యూజియాల్లో అవి ఇప్పటికీ ఉన్నాయి. ఈసారి పీరియడ్ సినిమాలో దొర పడకగది వస్తే పక్కబట్ట చూడండి.

సీమ టీచరు:
పాతచీర గారూ, మీ ప్రశ్నకు జవాబు చెప్పాలని నిన్న ఊరికి ఫోన్ చేశాను. అమ్మ ఇప్పుడు లేదు, పెద్దక్కను అడిగాను. "మధ్యలో ఎప్పుడూ ఎర్ర ముక్కే పెట్టేదిరా, అది తన పెళ్లి చీర కొంగు. ఒక్కో బొంతకు జానెడు చొప్పున కోసేది" అంది. పదిహేనేళ్లు ఆ బొంత కిందే పడుకున్నాను, నాకు తెలియదు.

అయినా నా మాట మార్చుకోను. మాకు లేకే కుట్టింది. కానీ ఆ ఎర్ర ముక్కను కూడా చూపించమంటే ఒప్పుకుంటాను.

సెట్‌పని:
వచ్చే నెల మాకు రైతు ఇల్లు సెట్ ఉంది. పాతచీర అక్కా, చేత్తో కుట్టిన బొంతలు రెండు, ఒకేలాంటివి, మీవల్ల అవుతాయా? డబ్బు ఇప్పించే పూచీ నాది. టైటిల్స్‌లో పేరు గురించి డైరెక్టర్ గారిని అడుగుతాను. అవుతుందని మాత్రం ఇప్పుడే చెప్పలేను.

పాతచీర:
అవుతుంది తమ్ముడూ. ఒక్కో చీరను నిలువుగా రెండు చేసి, సగం ఒకదానికి సగం ఇంకోదానికి వేస్తే జత కుదురుతుంది. టాకాలు అచ్చంగా ఒకేలా పడవు, అంత దగ్గరకు కెమెరా తీసుకురాకండి. వాన సీన్‌కు ముందే రెండింటినీ కలిపి నాలుగుసార్లు ఉతకండి, లేకపోతే ఒకదాని రంగే దిగిపోతుంది. పేరు సంగతి మాత్రం గట్టిగా అడగండి. నాకు సాయం కుట్టే ఇద్దరి పేర్లు కూడా పంపుతాను.

సీమ టీచరు:
అక్క దగ్గర అమ్మ కుట్టినది ఇంకా ఒకటి ఉంది. షూటింగ్‌కు ఇవ్వను. ఫోటో తీయించి ఇక్కడ పెడతాను, ఎర్ర ముక్క ఎంత ఉండాలో చూసుకోండి.