తూటా గుర్తులు శిక్షకేనా, తర్వాతి కాల్పులను ఆపడానికి కూడానా?

పలాస మాస్టారు:
కాల్పులు జరిగిన చోట దొరికిన ఖాళీ తూటాకు సీలు వేసి, కోర్టు కోసం దాచిపెడితే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. తుపాకీలో తూటాను పేల్చే సూది, అంటే ఫైరింగ్ పిన్, దాని అడుగున కొట్టిన గుంటను వేరే ఘటనలో దొరికిన తూటాతో వెంటనే పోల్చి చూస్తే, రెండు చోట్లా ఒకే తుపాకీ పేలిందా అన్నది తెలుస్తుంది, దాన్ని మూడో చోట పేలకముందే పట్టుకోవచ్చు. అమెరికాలో నిబిన్ అనే, తూటా గుర్తులను కంప్యూటర్‌లో పోల్చే జాతీయ వ్యవస్థ ఉన్నది ఇందుకే.

బొబ్బిలి వకీలు:
అదే అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం, అమ్మిన ప్రతి కొత్త చేతి తుపాకీ నుంచీ ఖాళీ తూటాను పోగుచేయాలని 2000లో చట్టం చేసి, ఫలితం లేక 2015లో రద్దు చేసుకుంది. ఆ సంగతి మీరు చెప్పలేదు.

పలాస మాస్టారు:
అక్కడ పోగుచేసినవి దుకాణంలో అమ్మిన తుపాకుల గుర్తులు. నేను అడిగేది నేరస్థలంలో దొరికిన తూటాల గురించి.

బొబ్బిలి వకీలు:
ఏ గుర్తయినా నిపుణుడి అభిప్రాయమే. ఈ పోలికకు తగినన్ని పరీక్షల ఆధారం లేదని 2016లో అమెరికా అధ్యక్షుడి శాస్త్ర సలహా మండలే చెప్పింది.

మందస రైతు:
మా కొండల్లో ఉన్నవి గొట్టంలో మందు కూరి పేల్చే నాటు తుపాకులు. వాటికి ఖాళీ తూటా ఉండదు, గుండు మీద గుర్తు వేసే మెలిక గీతలూ గొట్టం లోపల ఉండవు. ఏం పోలుస్తారు?

విజయనగరం వాసి:
మంచి ప్రశ్న.

పలాస మాస్టారు:
నాకు నీతులు చెప్పకండి. జీడితోటకు కాపలా పడుకున్న మా బావ, అడవి పంది కోసం ఎవరో పేల్చిన నాటు తుపాకీకి బలయ్యాడు. ఆయన ఒంట్లోంచి తీసిన సీసపు గుళ్లను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, మూత మీద లక్క సీలుతో నేనే చూశాను. ఆ డబ్బా ఏడు నెలలు స్టేషన్ బీరువాలోనే ఉంది. ఈలోగా మూడు ఊళ్లవాళ్లు తుపాకులను ఏట్లో పడేశారు. ఆ రాత్రే గొట్టాల్లో మసి చూసి ఉంటే దొరికేవాడు.

మందస రైతు:
మసి అందరి తుపాకుల్లోనూ ఉంటుంది మాస్టారూ. వారానికి రెండుసార్లు పందుల మీద పేలుస్తాం. ఇలాంటి కేసులోనే, పంట రక్షణ లైసెన్సు ఉన్న మా నాన్నను నాలుగు రాత్రులు స్టేషన్‌లో కూర్చోబెట్టారు. మీరు ఆధారం అంటుంటే మాకు వినిపించేది, ముందు మా ఇళ్లే సోదా చేస్తారని.

పలాస మాస్టారు:
మీ నాన్నగారికి జరిగినది తప్పే. కానీ ఆ మూడు ఊళ్లవాళ్లూ సంతకు వస్తారు. మా అక్క ప్రతివారం వాళ్ల మధ్యే కూర్చుని జీడిపిక్కలు అమ్ముతుంది.