కారు స్క్రీన్‌లో లైవ్ ట్రాఫిక్‌కు ఏటా డబ్బు కట్టాలా, ఫోను సరిపోతుందా? వరంగల్, కరీంనగర్ వైపు వాళ్ల అనుభవాలు కావాలి

హన్మకొండ వాసి:
అందరికీ నమస్కారం. మా కారు కొన్నప్పుడు కనెక్టెడ్ సేవలు (కారులోని సిమ్ ద్వారా నెట్‌తో నడిచేవి) మూడేళ్లు ఉచితంగా ఇచ్చారు. వచ్చే నెలతో గడువు ముగుస్తోంది. రెన్యువల్ చేయించుకోకపోతే మ్యాప్ ఉంటుంది, దారి కూడా చెబుతుంది, కానీ రద్దీని చూపే ఎరుపు, నారింజ గీతలు ఆగిపోతాయని షోరూమ్‌వాళ్లు చెప్పారు. ఏడాదికి నాలుగు వేలకు పైగా అవుతుందట. మేము తరచూ హైదరాబాద్ వెళ్తాం. అత్తగారి ఊరు ములుగు దాటాక ఉంది, పండుగలకు అటు వెళ్తాం. ఫోనులో ఉచితంగా వచ్చేదానికి మళ్లీ డబ్బెందుకని మా ఆవిడ అంటోంది. నడుపుతూ ఫోను చూడటం ప్రమాదమని నా భయం. కట్టినవాళ్లు, మానేసినవాళ్లు ఇద్దరూ చెప్పండి. ఎండ, వాన, జాతర అన్నీ కలిపి చెబితే ఇంకా మేలు.

కాజీపేట జంక్షన్:
మేము కట్టి చూశాం, తర్వాత వదిలేశాం. నేను నడుపుతుంటే మా అబ్బాయి పక్క సీట్లో ఫోను తెరిచి రెండింటినీ పోల్చేవాడు. ఉప్పల్, హబ్సిగూడ దగ్గర రెండూ దాదాపు ఒకటే చెప్పేవి. తేడా ఊళ్ల వైపు వచ్చాక తెలిసేది. నర్సంపేట, వర్ధన్నపేట రోడ్ల మీద కారు స్క్రీన్‌లో చాలాసార్లు రంగే ఉండేది కాదు. ఫోనులో కనీసం సంత రోజున చౌరస్తా ఎర్రబడేది. డబ్బు తీసుకున్నది తక్కువ చెప్పి, ఉచితంగా వచ్చింది ఎక్కువ చెబుతుంటే ఇక కట్టడమెందుకు?

ఎలక్ట్రానిక్స్ మాస్టారు:
కాజీపేట గారు చూసిన తేడాకు కారణం ఉంది. ఉపగ్రహాలే ట్రాఫిక్ చెబుతాయని చాలామంది అనుకుంటారు. ఉపగ్రహాలు పంపేది సమయం, తామున్న చోటు, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే మన పరికరం తన స్థానం లెక్క కట్టుకుంటుంది. దానికి నెట్ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. ట్రాఫిక్ వేరే సరుకు. రోడ్డు మీద కదులుతున్న ఫోన్ల, వాహనాల వేగాలను ఎక్కడో ఒక సర్వర్ కూడబెట్టి, ఆ రోడ్డు మీద ఆ వేళకు మామూలుగా ఉండే వేగంతో పోల్చి, తిరిగి మనకు పంపాలి.

ఐరోపాలో మొదట ఎఫ్ఎం రేడియో సంకేతంతో కలిపి ట్రాఫిక్ సందేశాలు పంపేవారు. 2007లో దారి చూపే పరికరాలు అమ్మే టామ్‌టామ్ సంస్థ నెదర్లాండ్స్‌లో వొడాఫోన్‌తో కలిసి మొబైల్ ఫోన్ల కదలిక నుంచి రద్దీని అంచనా కట్టే సేవ తెచ్చింది. అప్పట్లో అది డబ్బు పెట్టి కొనదగ్గదే, ఎందుకంటే అంతకంటే మంచిది ఇంకోటి లేదు. 2009 అక్టోబరులో గూగుల్ ఆండ్రాయిడ్ ఫోన్లలో మలుపు మలుపుకూ దారి చెప్పే సేవను ఉచితంగా ఇస్తానని ప్రకటించగానే టామ్‌టామ్, అలాంటి పరికరాలే అమ్మే గార్మిన్ షేర్లు పడిపోయాయి. మన దేశంలో 2012లో హైదరాబాద్ సహా కొన్ని పెద్ద నగరాలకు లైవ్ ట్రాఫిక్ వచ్చింది. 2013లో వాహనదారులే రద్దీ సంగతులు పంచుకునే వేజ్ అనే యాప్‌ను కూడా గూగుల్ కొనేసింది.

కార్ల కంపెనీలు సాధారణంగా ఈ లెక్క సొంతంగా కట్టవు. హియర్, టామ్‌టామ్, మ్యాప్‌మైఇండియా వంటి సంస్థల నుంచి కొంటాయి. లెక్క నాణ్యత ఆ రోడ్డు మీద ఎన్ని పరికరాలు కదులుతున్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. 2020లో బెర్లిన్‌లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు 99 ఫోన్లను చిన్న బండిలో వేసుకుని ఖాళీ వీధిలో లాక్కుంటూ నడిస్తే, మ్యాప్‌లో ఆ వీధి ఎర్రగా మారింది. మన దేశంలో ఎక్కువ చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను. వర్ధన్నపేట రోడ్డు మీద కనెక్టెడ్ కార్లు ఎన్ని, ఆండ్రాయిడ్ ఫోన్లు ఎన్ని అని చూస్తే మీ అబ్బాయి పోలిక ఎందుకలా వచ్చిందో తెలుస్తుంది.

జనగామ క్యాబ్:
మాస్టారు గారు చెప్పింది నిజం. నడిపేవాడిగా ఇంకో మాట కలుపుతాను. ముందు రద్దీ ఉందని తెలిస్తే సరిపోదు, అక్కడికి చేరకముందే మళ్లడానికి ఇంకో దారి ఉండాలి. జనగామ నుంచి బీబీనగర్ వరకు జాతీయ రహదారి 163 మీద ఏదైనా ప్రమాదం జరిగి బండ్లు ఆగితే స్క్రీన్ ఎర్రగా చూపిస్తుంది. చూసి ఏం చేస్తాం? పక్క ఊళ్ల మీదుగా తిరిగితే అంతకంటే ఆలస్యం. ఆ ఎర్ర గీత ప్రయాణికుడు విమానం గురించి ఫోను చేసుకోవడానికి పనికొస్తుంది, అంతే.

మన దారిలో నిజంగా నిర్ణయం తీసుకోవాల్సిన చోటు ఘట్‌కేసర్. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగుతూనే వచ్చాయి. స్తంభాల పక్కన ఇరుకు రోడ్డులో చిక్కితే ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే ఘట్‌కేసర్ రాకముందే చూసుకుంటాను. ఉప్పల్ వైపు బాగా ఎర్రగా ఉంటే ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, కీసర దగ్గర దిగి, ఈసీఐఎల్ మీదుగా సికింద్రాబాద్ వెళ్తాను. టోల్ పడుతుంది, అయినా మేలే. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద వచ్చేవాళ్లకు శామీర్‌పేట అలాంటిదే. ఒకటి రెండు చోట్ల చూసుకోవడానికి ఏడాదికి నాలుగు వేలు ఎక్కువ. ఘట్‌కేసర్ ముందు ఏ హోటల్ దగ్గరో టీకి ఆగి ఫోను చూస్తే పని అయిపోతుంది.

రామగుండం ఎండ:
ఫోను చాలు అనేవాళ్లు మే నెలలో మా వైపు ఒకసారి నడపాలి. 45 డిగ్రీల ఎండలో అద్దానికి తగిలించిన ఫోను కాలిపోతుంది. ముందు వెలుతురు తగ్గుతుంది, తర్వాత చార్జింగ్ ఆగుతుంది, ఆపై వేడెక్కిందని హెచ్చరిక చూపి ఏ పనీ చేయదు. సరిగ్గా కొత్త చోట మలుపు రావాల్సినప్పుడే ఇలా అవుతుంది. మధ్యాహ్నం ప్రయాణాలు తప్పనివాళ్లకు కారు స్క్రీన్ నయం, అందుకే నేను కడుతున్నాను. నావి ఎక్కువగా మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రయాణాలు.

కాజీపేట జంక్షన్:
రామగుండం గారూ, మీ కారులో ఆండ్రాయిడ్ ఆటో కానీ, కార్‌ప్లే కానీ (ఫోను యాప్‌లను కారు స్క్రీన్ మీద చూపేవి) లేవా? ఉంటే ఫోనును ఏసీ గాలి తగిలే చోట నీడలో పెట్టి, తీగతో కలిపితే మ్యాప్ కారు స్క్రీన్ మీదే కనిపిస్తుంది. గూగుల్ మ్యాప్స్ వస్తుంది, మ్యాప్‌మైఇండియావాళ్ల మ్యాపుల్స్ కూడా వస్తుంది. మ్యాపుల్స్ ముందున్న స్పీడ్ బ్రేకర్లను చెబుతుంది, మన రాష్ట్ర రహదారుల మీద ఆ ఒక్క సంగతీ ఎంతో మేలు. హన్మకొండ గారు అడిగిన భద్రత ప్రశ్నకు కూడా ఇదే నా జవాబు. చట్టం సంగతి చెప్పాలంటే, 2020 అక్టోబరు నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఏకాగ్రత చెడకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే ఫోను వాడవచ్చు. చేతిలో పట్టుకుని మాట్లాడటం ఇప్పటికీ తప్పే.

రామగుండం ఎండ:
ఉంది, కానీ దానికోసం ఎప్పుడూ వాడలేదు. చూస్తాను.

పరకాల పత్తి:
మీరంతా హైదరాబాద్ గురించే మాట్లాడుతున్నారు. మా వైపు బండిని ఆపేవి వేరు. యాసంగి కోతలు అయ్యే ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ వానాకాలం వడ్లు వచ్చే రోజుల్లో రోడ్డు సగం వడ్లే. అంచున రాళ్లు పెడతారు, రాత్రి టార్పాలిన్ కప్పుతారు. చీకట్లో ఎదురు లైట్ల వెలుతురులో ఆ రాళ్లు కనిపించవు. రైతును తప్పు పట్టను, ఆరబోసుకోవడానికి కల్లాలు లేకే కదా రోడ్డుకు వస్తున్నాడు. కానీ ఏ మ్యాప్‌లోనూ అది ఎర్రగా కనిపించదు, ఎందుకంటే బండ్లు ఆగవు, కాస్త నెమ్మదిస్తాయి, అంతే. ప్రాణం పోయే చోటు పచ్చగా చూపించే సేవకు నేను డబ్బు కట్టను.

పత్తి కాలంలో ఎనుమాముల మార్కెట్ కూడా చూడండి. వరుస సెలవుల తర్వాత మార్కెట్ తెరిచే రోజున ముందు రాత్రి నుంచే బండ్లు బారులు తీరతాయి. ఆ సంగతి తెలియడానికి లైవ్ ట్రాఫిక్ ఎందుకు? మార్కెట్ సెలవుల పట్టిక చాలు. కాళేశ్వరం వైపు నుంచి ఇసుక లారీలు వరుసగా వచ్చే రోజుల్లో కూడా ఇంతే, దారిలో టీ కొట్టు వాళ్లను అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు.

భూపాలపల్లి ఉద్యోగి:
పరకాల అన్న చెప్పినదానికి తోడు వాగులు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిన సంగతి మనందరికీ తెలుసు. ఆ వారంలో హన్మకొండ, వరంగల్ కాలనీలు కూడా నీళ్లలోనే ఉన్నాయి. అప్పుడు నేను గమనించింది చెబుతాను, దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి. రోడ్డు మీద బండ్లు నెమ్మదిస్తే మ్యాప్ ఎర్రబడుతుంది. కానీ రోడ్డు పూర్తిగా తెగిపోతే ఆ ముక్క మీద ఫోన్లే ఉండవు. ఎవరైనా సమాచారం ఇచ్చి రోడ్డు మూసేసినట్టు గుర్తు పెట్టేదాకా మ్యాప్‌కు అది ఖాళీ రోడ్డే. అటే వెళ్లమని నీలం గీత గీస్తుంది. నేను వాడుతున్న డబ్బు కట్టిన సేవ, మా తమ్ముడి ఉచిత యాప్ రెండూ నీళ్లు పారుతున్న కల్వర్టు మీదుగానే దారి చూపాయి. వానాకాలంలో రాత్రిపూట ఏ స్క్రీన్ చెప్పినా కల్వర్టు మీదికి దిగకండి. వాగుకు అవతలి ఊళ్లో తెలిసినవాళ్లకు ఒక ఫోను చేయండి, లేదా 112కు చేసి అడగండి.

తాడ్వాయి బిడ్డ:
అత్తగారి ఊరు ములుగు దాటాక అన్నారు కాబట్టి చెబుతున్నాను. రెండేళ్లకోసారి మేడారం జాతర రోజుల్లో ఏ మ్యాప్‌నూ నమ్మకండి. ఆర్టీసీ బస్సులకు తాడ్వాయి దారి, సొంత బండ్లకు పస్రా నుంచి నార్లాపూర్ దారి అని పోలీసులు విడగొడతారు. తిరుగు ప్రయాణం బయ్యక్కపేట మీదుగా భూపాలపల్లి వైపు. మ్యాప్ దగ్గరి దారని వచ్చిన దారినే తిరిగి వెళ్లమంటుంది, ఆ దారి ఆ రోజు ఎదురు బండ్లకు మూసి ఉంటుంది. మార్గాలు ప్రతి జాతరకూ కాస్త మారుతుంటాయి, జిల్లా పోలీసులు ముందే ప్రకటిస్తారు, పత్రికల్లో పటంతో సహా వస్తుంది. దాన్ని కత్తిరించి కారులో పెట్టుకోండి. అన్ని లక్షల మంది ఒకేచోట ఉన్నప్పుడు నెట్ కూడా సరిగా అందదు. మామూలు రోజుల్లో పస్రా దాటాక అడవిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అక్కడ లైవ్ ట్రాఫిక్ కట్టినా కట్టకపోయినా ఒకటే.

హన్మకొండ వాసి:
అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. కారులోనే సిమ్ ఉంది కదా, ఫోనుకు సిగ్నల్ లేని చోట దానికి వస్తుందా? ఇంకొకటి, రెన్యువల్ మానేస్తే ట్రాఫిక్‌తో పాటు ఇంకేం పోతాయి?

ఎలక్ట్రానిక్స్ మాస్టారు:
కారులోది యంత్రాల కోసం ఇచ్చే 13 అంకెల నంబరు సిమ్. అది కూడా ఇవే కంపెనీల టవర్ల మీదే పనిచేస్తుంది. మీ ఫోను ఒక కంపెనీది, కారు సిమ్ ఇంకో కంపెనీది అయితే కొన్నిచోట్ల ఒకటి అందనప్పుడు రెండోది అందవచ్చు. టవరే లేని అడవిలో రెండూ ఒకటే. రెండో ప్రశ్న ముఖ్యమైనది. చాలా ప్యాకేజీల్లో ట్రాఫిక్‌తో పాటు ప్రమాదం జరిగితే సాయం కోరే మీట, కారు ఎక్కడుందో ఫోనులో చూసుకోవడం, దూరం నుంచి తాళం వేయడం కలిపి అమ్ముతారు. వాటిలో ఏది విడిగా దొరుకుతుందో, ఏది ఆగిపోతుందో రాతపూర్వకంగా అడగండి. మా ఇంట్లో అమ్మాయి ఒంటరిగా రాత్రి డ్యూటీకి వెళ్తుంది, ఆ మీట కోసం నేను కడుతున్నాను. ట్రాఫిక్ కోసమైతే కట్టేవాణ్ని కాదు.

మ్యాప్ అప్‌డేట్ సంగతి కూడా కనుక్కోండి. కరుణాపురం దగ్గర బైపాస్ ఎక్కితే నగరంలోకి రాకుండానే ములుగు రోడ్డుకు చేరొచ్చు. పాత మ్యాప్‌లకు ఆ రోడ్డే తెలియదు, కారు పొలాల్లో పోతున్నట్టు చూపిస్తాయి. మంచిర్యాల నుంచి వరంగల్ మీదుగా వచ్చే కొత్త జాతీయ రహదారి పూర్తయితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. రోడ్డే లేని మ్యాప్ మీద లైవ్ ట్రాఫిక్ వేసి ఏం లాభం?

కరీంనగర్ లారీ:
మా లారీలకు మేము కడుతున్నాం, కానీ అది వేరే లెక్క. బండి ఎక్కడుంది, ఎంతసేపు ఆగింది, డీజిల్ ఎంత తగ్గింది అన్నది ఆఫీసులో కూర్చుని చూసుకోవడానికి. అందులో ట్రాఫిక్ కూడా వస్తుంది, మా డ్రైవర్లు మాత్రం దాన్ని చూడరు, గ్రానైట్ బ్లాకుతో ఉన్న బండిని సందుల్లోకి తిప్పలేరు కాబట్టి. సొంత కారుకైతే నేనూ ఫోనే వాడతాను.

హన్మకొండ వాసి:
మా ఆవిడకు ఇదంతా చదివి వినిపించాను. ట్రాఫిక్ కోసం కట్టడం లేదు. సాయం కోరే మీట విడిగా ఇస్తారేమో షోరూమ్‌లో అడుగుతాం. ఆండ్రాయిడ్ ఆటో నిన్న కలిపి చూశాను, మ్యాప్ రాలేదు, చార్జింగ్ మాత్రమే అవుతోంది.

కాజీపేట జంక్షన్:
తీగ మార్చండి. చవక తీగల్లో చాలావాటికి చార్జింగ్ తప్ప డేటా వెళ్లదు. ఫోనుతో పాటు డబ్బాలో వచ్చిన తీగ ఉంటే దానితో ప్రయత్నించండి, కారులో ఒకటికి మించి యూఎస్‌బీ ఉంటే ఫోను గుర్తు ఉన్నదానికే పెట్టండి. ములుగు వైపు బయల్దేరే ముందు ఇంట్లోనే వైఫై మీద ఏటూరునాగారం వరకు ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి.