సర్పంచ్ ఏకగ్రీవం ఊరికి మేలా, లేక ఊరి ఓటు లాక్కోవడమా?

నాలుగో_వార్డు:
తెలంగాణలో చిన్న పంచాయతీ మాది, ఓట్లు వెయ్యి కూడా లేవు. సర్పంచ్‌కి నలుగురు నామినేషన్ వేశారు. విత్‌డ్రా గడువు ఇంకా ఉండగానే ఊరి పెద్దలు నలుగురినీ కూర్చోబెట్టి, గుడికి ఎవరు ఎక్కువ ఇస్తామంటే వాళ్లే సర్పంచ్, మిగతా ముగ్గురూ తప్పుకోవాలి అని తేల్చేశారు. ఆ నలుగురిలో మా చిన్నాన్న కొడుకు ఒకడు. పొద్దున ఒకరు, రాత్రి ఒకరు ఇంటికొచ్చి "ఊరు బాగు కోసం తప్పుకో బిడ్డా" అంటున్నారు, మా చిన్నమ్మ అయితే భయపడి అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. నా మాట సూటిగా చెప్తున్నా, ఇది పదవిని అమ్ముకోవడమే. గుడికి డబ్బు రావడం మంచిదే కావచ్చు, కానీ ఆ డబ్బుకి బదులు పోతున్నది నా ఓటు, మా నాన్న ఓటు, ఎప్పుడూ ఎవరూ ఏమీ అడగని మా పక్కింటి ముసలమ్మ ఓటు. ఏకగ్రీవం మంచిదే అనేవాళ్లు ఎందుకు మంచిదో చెప్పండి, వినడానికి సిద్ధంగా ఉన్నా.

మాజీ_ఉపసర్పంచ్:
తమ్ముడూ, నీ కోపం అర్థమైంది. వేలంపాటను నేనూ సమర్థించను. కానీ ఏకగ్రీవం మొత్తాన్నే తప్పు అంటే ఒప్పుకోను, ఎందుకంటే ఎన్నిక జరిగిన ఊళ్లో ఆ తర్వాత ఏమవుతుందో నేను దగ్గర నుంచి చూశాను. అసెంబ్లీ ఎన్నికలో ఓడినవాడు ఎక్కడో ఉంటాడు. పంచాయతీ ఎన్నికలో ఓడినవాడు గెలిచినవాడి ఎదురింట్లో ఉంటాడు, చాలాసార్లు ఇద్దరూ ఒకే ఇంటిపేరువాళ్లు. అన్నదమ్ములు మాటలు మానేస్తారు, పెళ్లికి పిలవరు, పొలానికి పోయే బాట దగ్గర కొత్తగా పంచాయితీ మొదలవుతుంది. ఇక ఖర్చు సంగతి. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ఖర్చుకు పరిమితి లక్షన్నర, ఐదు వేలు దాటితే రెండున్నర లక్షలు. ఆ పరిమితిలో ఆగినవాళ్లు ఎంతమంది ఉంటారో ఇక్కడ చదివేవాళ్లందరికీ తెలుసు. మందు, విందు, చివరి రాత్రి పంచే నోట్లు, వీటికోసం పొలం తాకట్టు పెట్టి ఓడిపోయిన కుటుంబాన్ని చూస్తే నువ్వు కూడా "అందరూ కూర్చుని ఒక్కరిని అనుకుంటే పోయేది కదా" అంటావు. పైగా ఏకగ్రీవమైన ఊరికి ప్రభుత్వం నుంచి ప్రోత్సాహకం కూడా ఉండేది. 2019 పంచాయతీ ఎన్నికలప్పుడు మన దగ్గర 10 లక్షలు ఇస్తామన్నారు.

గుంటూరు_రైతు:
ఆ ప్రోత్సాహకాల గురించి ఆంధ్రావైపు నుంచి ఒక మాట. మాకు 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. అప్పుడు ప్రభుత్వం ప్రకటించిన లెక్క ఇది: జనాభా రెండు వేల లోపుంటే 5 లక్షలు, ఐదు వేల వరకు 10, పది వేల వరకు 15, ఆపైన 20 లక్షలు. వినడానికి బాగుంటుంది. అయితే ఈ డబ్బు పేరు చెప్పి పోటీకి నిలబడినవాడిని ఊరికి ద్రోహం చేసేవాడిలా నిలబెడతారు, "నీ ఒక్కడి వల్ల ఊరికి ఐదు లక్షలు పోతున్నాయి" అని. నామినేషన్ వేయడం ఓటరుగా వాడికి ఉన్న హక్కు. హక్కు వాడుకున్నవాడిని ఊరు మొత్తం వేలెత్తి చూపేలా చేసే పథకం నాకు అస్సలు నచ్చదు, ఏ పార్టీ ప్రభుత్వం పెట్టినా సరే.
ఇంకోటి, మీ దగ్గర 2019లో చెప్పిన 10 లక్షలు చాలా ఊళ్లకు రాలేదని సర్పంచులే అడిగినట్టు పేపర్లలో చదివాను. ఉపసర్పంచ్ గారూ, మీకు తెలిస్తే చెప్పండి.

మాజీ_ఉపసర్పంచ్:
రాలేదనే మాట నేనూ విన్నాను, మా చుట్టుపక్కల ఊళ్లలో ఆ బాధ ఉంది. ఆ విషయంలో మీతో వాదించను. కానీ డబ్బు రాకపోయినా గొడవ రాలేదు కదా, నాకు అది ముఖ్యం.

కాలనీ_ఆడబిడ్డ:
గొడవ రాలేదు అంటున్నారు అన్నా, ఎవరికి రాలేదు? మా ఊరు ఒకసారి ఎస్సీ మహిళకు రిజర్వ్ అయింది. మా కాలనీ నుంచి ముగ్గురు ఆడవాళ్లు నిలబడదామనుకున్నారు, అందులో ఒకామె డిగ్రీ చదివింది, పొదుపు సంఘం లెక్కలన్నీ ఆమే రాసేది. ఊరి పెద్దలు కూర్చున్నారు. ఆ కూర్చున్నవాళ్లలో మా కాలనీ వాళ్లు ఎంతమంది, ఆడవాళ్లు ఎంతమంది అని మీరే ఊహించుకోండి. చివరికి ఒక పెద్దాయన పొలంలో పనిచేసే కుటుంబం నుంచి చదువు రాని ఒకామెను నిలబెట్టి, డబ్బంతా ఆయనే కట్టి, ఏకగ్రీవం చేశారు. ఐదేళ్లు ఆమె సంతకం పెట్టమన్న చోట పెట్టింది. చెక్కుల పుస్తకం ఆయన ఇంట్లోనే ఉండేది. ఆమెను నేను ఒక్క మాట కూడా అనను, ఎదురు తిరిగితే మరుసటి రోజు కూలి ఉండదు కదా. రిజర్వేషన్ రాజ్యాంగంలో ఉంది, 73వ సవరణతో వచ్చింది, మన రాష్ట్రాల్లో ఆడవాళ్లకు సగం సీట్లు. ఆ సగం మాకు నిజంగా అందాలంటే ముందు పోటీ ఉండాలి. పోటీ ఉన్న ఏడాది మా కాలనీకి ప్రతి అభ్యర్థీ వచ్చాడు, మోరీ చూశాడు, బోరు చూశాడు, మా అమ్మను పేరు పెట్టి పలకరించాడు. ఏకగ్రీవం చేసిన ఏడాది ఎవ్వరూ రాలేదు, రావాల్సిన అవసరం ఎవరికుంది చెప్పండి?

నాలుగో_వార్డు:
అక్కా, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే. ఓటు అడగాలంటే గడప తొక్కాలి. చిన్న ఊళ్లో పదిహేను ఓట్ల తేడాతో గెలుపోటములు తేలతాయి కాబట్టి ఏ గడపనూ వదలడానికి వీల్లేదు.

పట్నంలో_ఓటరు:
నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఓటు ఊళ్లోనే ఉంది. ఏకగ్రీవం వద్దు అనేవాళ్లతో సగం ఏకీభవిస్తాను కానీ పోటీ ఉంటే అంతా పవిత్రం అన్నట్టు మాట్లాడకండి. పోయినసారి అభ్యర్థులు ఇద్దరూ ఫోన్ చేశారు, రానూపోనూ ఛార్జీలు ఇస్తాం అన్నారు, ఒకరు కారే పంపుతామన్నారు. నేను ఎవరి డబ్బూ తీసుకోకుండా సొంత ఖర్చుతో వెళ్లి ఓటేసి వచ్చాను, అయినా ఇవాళ్టికీ ఇద్దరికీ నా మీద అనుమానమే. చిన్న వార్డులో రహస్య ఓటు అనేది చాలా కష్టం. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు కూడా ఉండదు, గుర్తే ఉంటుంది, గుడ్డ చాటున స్టాంపు వేస్తాం, అంతా పద్ధతిగానే ఉంటుంది. కానీ వార్డు మెంబర్ ఓట్లు ఏ వార్డువి ఆ వార్డుకే లెక్క. ఎనభై తొంభై ఓట్లున్న వార్డులో ఒకరికి ముప్పై వచ్చాయంటే ఆ ముప్పై ఎవరివో సాయంత్రానికల్లా కుటుంబాల వారీగా లెక్క వేసేస్తారు. "మీ ఇంట్లో నాలుగుంటే మాకు రెండే పడ్డాయి" అని ఇంటికొచ్చి అడిగినవాళ్లను చూశాను. ఈ భయం వల్లే చాలామంది పెద్దలు ఏకగ్రీవం కోరుకుంటారు, అందులో అందరిదీ స్వార్థమే అనలేం.

చెరువుకట్ట:
భయముందని ఓటే తీసేస్తామా? ఆ భయపెట్టేవాడిని కదా ఆపాల్సింది.

పట్నంలో_ఓటరు:
ఆపాలి, నిజమే. ఎవరు ఆపుతారు, ఎలా ఆపుతారు అన్నది కూడా చెప్పండి మరి.

రిటైర్డ్_కార్యదర్శి:
పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరయ్యాను, చాలా ఎన్నికల పనులు చేశాను. కొన్ని విషయాలు స్పష్టంగా చెప్తాను, నాలుగో వార్డు తమ్ముడికి ఇప్పుడు అవసరం కూడా.

ఒక్కడే అభ్యర్థి మిగిలితే ఎన్నికైనట్టు ప్రకటించడం చట్టం ప్రకారమే జరుగుతుంది. అందులో తప్పులేదు. తప్పు ఎక్కడుందంటే, ఆ ఒక్కడు ఎలా మిగిలాడు అన్నదాంట్లో. ఎన్నికల హక్కు అంటే ఓటు వేయడం మాత్రమే అనుకుంటారు చాలామంది. చట్టంలో పోటీ చేయడం, చేయకపోవడం, నామినేషన్ వెనక్కి తీసుకోవడం కూడా ఆ హక్కులోవే. కాబట్టి విత్‌డ్రా చేసుకోవడానికి డబ్బు ఇచ్చినా, తీసుకున్నా లంచం కిందికి వస్తుంది, బెదిరిస్తే అది వేరే నేరం. పాత ఐపీసీలోనూ ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది, ఏడాది దాకా శిక్ష పడొచ్చు. "డబ్బు గుడికే కదా, నా జేబులోకి కాదు కదా" అనే వాదన మీద ధీమా పెట్టుకోవద్దు. మహారాష్ట్రలో 2021 జనవరిలో నాసిక్ జిల్లా ఉమ్రాణే, నందుర్బార్ జిల్లా ఖోండామళి అనే రెండు ఊళ్లలో సర్పంచ్ పదవికి, సభ్యుల పదవులకు వేలంపాట జరిగిందని తేలాక అక్కడి రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ పంచాయతీల ఎన్నికలనే రద్దు చేసింది. వేలం వీడియోలు ఫోన్లలో తిరిగాయి, అవే ఆధారమయ్యాయి. మన దగ్గర కూడా పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలోనే ఉంటాయి, జిల్లాలో కలెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

విత్‌డ్రా కాగితం మీద అభ్యర్థి సంతకం లేనిదే ఎవరూ ఏమీ చేయలేరు. చివరి రోజు మధ్యాహ్నం మూడింటి దాకా ఈ ఒత్తిడి ఉంటుంది, ఆ తర్వాత ఉండదు, గుర్తులు కేటాయించేస్తారు. మీ తమ్ముడిని ఆ రోజు ఒంటరిగా వదలకండి, తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టనివ్వకండి.

మాజీ_ఉపసర్పంచ్:
కార్యదర్శి గారూ, మీ అనుభవం ముందు నేను చిన్నవాడిని. ఒకటి అడుగుతాను. ఊరంతా గ్రామసభలా కూర్చుని, ఆడామగా అందరూ వచ్చి, డబ్బు మాట లేకుండా, ఒకరిని అనుకున్నారు. అప్పుడు కూడా తప్పేనా? గుజరాత్‌లో 2001 నుంచి సమరస్ అని ఇలాంటి పథకం నడుస్తోంది కదా. గ్రామాలకు ఐక్యత ఉండాలనేగా దాని ఉద్దేశం.

రిటైర్డ్_కార్యదర్శి:
తప్పు కాదు. అలాంటి ఊళ్లు ఉన్నాయి, నేను పనిచేసిన ఒక తండాలో చూశాను, ఆడవాళ్లే ముందు కూర్చుని మాట్లాడారు. కానీ ఆ ఊరికీ, పక్కన వేలంపాట జరిగిన ఊరికీ నా దగ్గరకు వచ్చే కాగితం ఒకటే, "ఒక్కరే అభ్యర్థి, ఎన్నికైనారు" అని. రెండింటికీ తేడా చూపించేది ఏదీ రికార్డులో ఉండదు. అందుకే నా అభిప్రాయం, ఒక్కడే మిగిలినా పోలింగ్ పెట్టాలి, ఎదురుగా నోటా ఉండాలి. మహారాష్ట్ర ఎన్నికల సంఘం 2018లో స్థానిక ఎన్నికల్లో నోటాకు ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కడే ఉన్నచోట కూడా నోటాతో ఓటింగ్ ఉంటే, ఊరు నిజంగా ఒప్పుకున్న మనిషికి భయపడాల్సిందేమీ లేదు, తొంభై శాతం ఓట్లతో గెలుస్తాడు, ఆ గౌరవం కూడా దక్కుతుంది.

మాజీ_ఉపసర్పంచ్:
మళ్లీ పోలింగ్, మళ్లీ ఖర్చు, మళ్లీ మందు. నోటాకు వేయండని కూడా డబ్బు పంచుతారు, చూస్తూ ఉండండి.

కాలనీ_ఆడబిడ్డ:
పంచితే పంచనీయండి అన్నా, పెట్టె ముందు నిలబడిన ఆ ఒక్క నిమిషం మాత్రం నాదే. నాకు ఊళ్లో వేరే ఎక్కడా అలాంటి నిమిషం దొరకదు. గ్రామసభలో మాట్లాడదామని లేస్తే "నువ్వు కూర్చో" అంటారు, పెద్దల కూటమికి అసలు పిలవరు. ఎన్నిక వల్ల మీ బంధుత్వాలు చెడిపోతున్నాయి అని మీరు బాధపడుతున్నారు, అది నిజమైన బాధే, కాదనను. కానీ మీ బంధుత్వాలు కాపాడుకోవడానికి మా ఓటు ఖర్చు పెట్టకండి.

గుంటూరు_రైతు:
చాలా బాగా చెప్పారమ్మా.
ఎన్నిక అంటే గొడవ కాబట్టి వద్దు అనేవాళ్లు తెలంగాణలో ఈ మధ్య జరిగింది కూడా గుర్తుపెట్టుకోవాలి. 2024 జనవరి చివర్లో సర్పంచుల గడువు అయిపోయింది, ఎన్నికలు ఆలస్యమై ప్రత్యేకాధికారులు నడిపారు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. వీధి లైట్లకు, ట్రాక్టర్ డీజిల్‌కు కూడా ఇబ్బంది పడ్డారు. ఆ కాలంలో గొడవల్లేవు కదా, ఊళ్లు బాగుపడ్డాయా?

మాజీ_ఉపసర్పంచ్:
అది ఒప్పుకుంటాను, అధికారి పాలన కంటే ఎలాంటి సర్పంచ్ అయినా నయమే. ఏకగ్రీవం మీద నా అభిప్రాయం మాత్రం అక్కడే ఉంది, డబ్బు లేకుండా, అందరినీ పిలిచి చేస్తే మంచిదే. ఆడబిడ్డ చెప్పిన దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఊరి కూటమికి కాలనీ నుంచి ఎవరినీ పిలవని మాట నిజం.

నాలుగో_వార్డు:
అందరికీ ధన్యవాదాలు. మావాడు విత్‌డ్రా చేసుకోనన్నాడు. వాడికి అసలు గెలుస్తానన్న నమ్మకం ఎక్కువ లేదు, కానీ నాలుగు వీధులూ తిరుగుతానంటున్నాడు. మందు పొయ్యను, డబ్బు పంచను అని ఇంట్లో ముందే చెప్పాడు, చిన్నమ్మ ఆ మాట మీదే ఒప్పుకుంది. పెద్దమనుషులు ఇద్దరు మాతో మాట్లాడటం మానేశారు. చూద్దాం. ఖర్చు లెక్కలు ఎలా రాయాలో ఎవరైనా చెప్పండి.

రిటైర్డ్_కార్యదర్శి:
నామినేషన్ వేసిన రోజు నుంచి ప్రతి రూపాయీ రాసిపెట్టు, కరపత్రాలు, ఆటో, మైకు, టీలు, అన్నీ. బిల్లులు దాచు. ఫలితం వచ్చాక 45 రోజుల్లో లెక్క ఇవ్వాలి. ఓడిపోయినవాళ్లు "ఎలాగూ ఓడిపోయాం కదా" అని వదిలేస్తారు, అలా ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత పడుతుంది. మండలాఫీసులో ఇచ్చి, ముట్టినట్టు రసీదు తప్పకుండా తీసుకోండి.