సమస్యాపూరణం: "ఖూనికోరు పాట గుడిని మ్రోగె"

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, మిగతా మూడూ మీ మారుపేర్లతో పూరించండి. ఖూ-గు యతి కుదిరే ఉంది. నేరాన్నీ మనిషినీ పాట విడదీయగలదా అన్నదే చిక్కు. ("హంతకుడు" అని పెట్టి చూశాను, చప్పబడింది.)

లఘువు:

చెఱను చేరె నెవఁడు? చెవుల కింపయినట్టి
దేది? యెచట నద్ది తేలియాడె?
మూఁడు మాటలందు ముడివిప్పి చెప్పెద:
ఖూనికోరు, పాట, గుడిని మ్రోగె.

యతిమైత్రి: క్రమాలంకారం (అడిగిన వరుసలోనే జవాబులు) భలే కుదిరింది. కానీ రెండు కామాలు పెట్టి జారుకున్నారు! పాడినవాడూ పాటా ఒక్క గొంతులో ఉంటేనే కదా సమస్య.

లఘువు: జారుకోవడమే పూరణ కళ కదండీ 🙂

తొలిపద్యం: కొత్తవాణ్ణి, తప్పులుంటే చెప్పండి.

కత్తి పట్టు చేయి ఖైదీల గదిలోనఁ
దాళ మెంచ నేర్చెఁ దప్పకుండ
విడిచినపుడు గొంతు విప్పి పాడెను వాఁడు
ఖూనికోరు పాట గుడిని మ్రోగె.

నిర్వాహకుడు: కత్తి పట్టిన చెయ్యే తాళం వేస్తోంది. ఆ చెయ్యి కళ్లకు కట్టింది. గణాలన్నీ సరిపోయాయి.

యతిమైత్రి: నాకూ నచ్చింది. ఒక్క అనుమానం. తాళం తప్పలేదు సరే, మనిషి మారాడనడానికి అదొక్కటే రుజువా? శ్రుతి శుద్ధంగా ఉన్నవాళ్లందరి మనసూ శుద్ధంగా ఉండదు కదా.

పాతరాగం: కల్పన దేనికి, జరిగిందే ఉంది. ఇటలీ స్వరకర్త కార్లో జెసువాల్డో 1590లో భార్య మరియా దావలోస్‌ను, ఆమె ప్రియుణ్ణి చంపాడు. ప్రభువంశం వాడు, శిక్ష పడలేదు. 1611లో క్రీస్తు శ్రమల వారానికి కట్టిన చర్చి గీతాలు అచ్చువేయించాడు. ఆ స్వరాల మలుపులు ఇప్పటికీ సంగీతజ్ఞుల్ని ఆశ్చర్యపరుస్తాయి.

ఆలిఁ జంపినట్టి యా జెసువాల్డోయె
ప్రభుని యాతనలకు పాట కట్టె
చచ్చె నామె, యతని స్వరములు బ్రతికెను
ఖూనికోరు పాట గుడిని మ్రోగె.

నిర్వాహకుడు: సమస్యను ఎదురుగా నిలబడి పూరించారు. గుడి అంటే చర్చి కూడా కాబట్టి ఇబ్బంది లేదు.

యతిమైత్రి: "చచ్చె నామె" దగ్గర ఆగిపోయాను. జ్వరమొచ్చి పోయినట్టుంది! మొదటి పాదంలో "జంపినట్టి" అన్నవారు మూడో పాదానికి వచ్చేసరికి చంపినవాణ్ణి వదిలేశారు. పైగా వచనంలో ఉన్న ఆమె పేరు పద్యంలో లేదు. ఇలా అంటే?

మరియ పేరు నెవరు మఱలఁ దలవకుండ
ఖూనికోరు పాట గుడిని మ్రోగె.

లఘువు: అబ్బ! చర్చిలో "మరియ" పేరు తలవని పూట ఉండదు. తలిచేది ఈ మరియను కాదు. శ్లేష కావాలనే పెట్టారా?

యతిమైత్రి: లేదండీ, మీరు చెప్పాకే చూశాను. అయినా ఒప్పేసుకుంటాను.

పాతరాగం: నా పాదం కన్నా ఇదే బాగుంది, ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగా ఉంది. మార్చేశాను. ఆ ప్రియుడి మాట ఇంకా మిగిలే ఉంది, వాడికి ఆటవెలదిలో చోటు చాలడం లేదు. సీసం ఎత్తుకోవాలేమో.